పాటకు ప్రాణం వైరులో ఉంటుందా?

కొత్త బొమ్మ పాటలు విడుదలైన రోజు మీరేం చేస్తారు? ఫోనులో పెట్టి, చెవుల్లో బుడిపెలు దూర్చుకుని నాలుగుసార్లు వింటారు. అయిదోసారికి మనసు ఊరుకోదు. "ఇదే పాట పెద్ద స్పీకర్లలో వింటే ఎలా ఉంటుందో!" అనిపిస్తుంది. ఆ ఒక్క "ఎలా ఉంటుందో" మీద హైదరాబాదులో పెద్ద వ్యాపారమే నడుస్తోంది. తప్పేం లేదు. పాట మీద ప్రేమ ఉన్నవాడు పాట కోసం ఖర్చు పెడతాడు. కాకపోతే ఆ ఖర్చు పాటకు చేరుతోందా, దారిలోనే ఇంకెవరికైనా చేరుతోందా అన్నదే ప్రశ్న.

అమీర్‌పేట మెట్రో స్టేషనులో దిగి పంజాగుట్ట వైపు నడవండి. కోచింగ్ సెంటర్ల బోర్డులు, వాటి కింద కరపత్రాలు పంచే కుర్రాళ్ళు, టీ కొట్లు, టిఫిన్ బండ్లు, ఆపైన బట్టల కొట్లు, నగల కొట్లు, ఎలక్ట్రానిక్స్ షోరూములు. ఉద్యోగం కోసం ఈ రోడ్డుకొచ్చిన కుర్రాడు, ఉద్యోగం వచ్చాక మొదటి జీతం ఖర్చు పెట్టేదీ చాలాసార్లు ఈ రోడ్డు మీదే!

మా అక్క కొడుకు సరిగ్గా అలాంటివాడే. అమీర్‌పేటలో కోర్సు చేసి, దాని పుణ్యమా అని ఉద్యోగంలో చేరాడు. ఎల్లారెడ్డిగూడలో ముగ్గురు స్నేహితులతో కలిసి ఒక గది. వాడికి ఇళయరాజా అంటే పిచ్చి. ఆరు నెలలు కూడబెట్టి, 45 వేలు చేతిలో పడ్డాక నాకు ఫోన్ చేశాడు. "మావయ్యా, స్టీరియో సెట్టు కొందాం. నువ్వు నాలుగు సినిమా పత్రికలకు రాసేవాడివి కదా, నీకు తెలుస్తుంది, రా" అన్నాడు. వెళ్ళాను.

షోరూములో అద్దాల గది, చల్లటి ఏసీ, మెత్తటి సోఫా. సేల్స్‌మన్ మర్యాదస్తుడు. ముందు 24 వేల రూపాయల స్పీకర్ల జత వినిపించాడు. 20 వేల యాంప్లిఫయర్ దానికి సరిజోడు అన్నాడు. లెక్క సరిపోయింది, వెయ్యి రూపాయలు మిగిలాయి కూడా. అప్పుడు తీశాడు అసలు సరుకు! నల్లటి వెల్వెట్ పెట్టెలో పాములా చుట్టిన కేబుల్. వేలెడు లావు, పైన నేత తొడుగు, కొసలకు బంగారు పూత.

"అన్నా, ఇప్పుడు ఇదే పాట ఈ కేబుల్‌తో వినండి" అంటూ మార్చి పెట్టాడు. మావాడి మొహం వెలిగిపోయింది. ఖరీదు అడిగితే, మూడేసి మీటర్లవి రెండు ముక్కలు, 18 వేలు! "బడ్జెట్ దాటుతోందంటే స్పీకర్లు ఒక మెట్టు తగ్గించుకోండన్నా. కేబుల్ మాత్రం తగ్గించకండి. సౌండ్‌కి ప్రాణం ఇదే" అన్నాడు.

ఆ మాట దగ్గరే నేను మావాడి మోచెయ్యి పట్టుకుని, "రెండు రోజులాగి వస్తాం" అని బయటికి తీసుకొచ్చాను. వైరు కోసం స్పీకర్లు తగ్గించుకోవడమా? హీరో పారితోషికం తగ్గించి, ఆ డబ్బుతో పోస్టర్లకు వెండి ఫ్రేములు కట్టించినట్టుంది! అయినా ఊరికే ఎగతాళి చేస్తే సరిపోదు కదా. నిజానిజాలు తేల్చుకుందామని బయలుదేరాను. ఈ వ్యాసం ఆ రెండు రోజుల ఫలితమే.

వైరు కథ ఎక్కడ మొదలైంది?

ఒకప్పుడు స్పీకరు వైరు గురించి ప్రపంచంలో ఎవరూ ఆలోచించలేదు. టేబుల్ ల్యాంపుకు వాడే జంట వైరునే యాంప్లిఫయరుకీ స్పీకరుకీ మధ్య కట్టేవారు, పాటలు వినేవారు. 1970ల చివర్లో కథ మారింది. అమెరికాలో నోయెల్ లీ అనే ఇంజనీరు ఉండేవాడు. ఆయన డ్రమ్స్ వాయించే కళాకారుడు కూడా. రకరకాల వైర్లు కట్టి విని, లావుపాటి వైరు మేలనుకుని, 1979లో మాన్‌స్టర్ కేబుల్ కంపెనీ పెట్టాడు. అంతవరకూ మూలన పడి ఉండే వైరు అద్దాల బీరువాలోకి ఎక్కింది. పేరొచ్చింది, డబ్బాలొచ్చాయి, ధరలొచ్చాయి. ఆయన వెనకాల మరెన్నో కంపెనీలు పుట్టుకొచ్చాయి.

"మరి తేడా ఉందా, లేదా?" అని జనం అడగడం కూడా అప్పుడే మొదలైంది. అమెరికాలోని 'స్టీరియో రివ్యూ' పత్రిక 1983 ఆగస్టు సంచికలో ఒక పరీక్ష వివరాలు ప్రచురించింది. బాగా సన్నని 24 గేజి వైరు, ల్యాంపుకు వాడే 16 గేజి వైరు, మాన్‌స్టర్ కేబుల్ ఈ మూడింటినీ, ఏది ఏదో చెప్పకుండా వినిపించారు. సన్నని వైరును జనం పట్టేశారు. కానీ పాటలు పెట్టినప్పుడు ల్యాంపు వైరునూ మాన్‌స్టర్‌నూ వేరుచేసి చెప్పలేకపోయారు. అంటే ఏమన్నమాట? మరీ సన్నని వైరు చేటు చేస్తుంది. తగినంత లావు వచ్చాక పేరు పనిచెయ్యదు!

ఇంకో తమాషా వినండి. 2007లో జేమ్స్ ర్యాండీ అనే ఆయన ఒక సవాలు విసిరాడు. ఈయన మెజీషియన్, మాయల గుట్టు రట్టు చేయడంలో దిట్ట. 'పేర్' అనే కంపెనీ 'ఆంజూ' పేరుతో 12 అడుగుల స్పీకరు కేబుల్ జతను 7,250 డాలర్లకు అమ్ముతుండేది. ఆనాటి లెక్కన మూడు లక్షల రూపాయలకు కాస్త తక్కువ. "ఆ కేబుల్‌ని మామూలు మంచి కేబుల్ నుంచి కళ్ళు మూసుకుని గుర్తుపట్టండి, పది లక్షల డాలర్లు ఇస్తాను" అన్నాడు ర్యాండీ. మైకేల్ ఫ్రెమర్ అనే పేరున్న ఆడియో సమీక్షకుడు సై అన్నాడు. ఈలోగా కంపెనీ తన కేబుల్ ఇవ్వకుండా తప్పుకుంది. ఎందుకు ఆగిపోయిందంటే ఇరుపక్షాలదీ చెరో మాట. మొత్తానికి పరీక్ష జరగనే లేదు, పది లక్షల డాలర్లు ఎవరికీ అందనే లేదు.

మైకు సెట్టు వాడి రహస్యం

అసలు వైరు చేసే పనేమిటి? యాంప్లిఫయరు నుంచి కరెంటును స్పీకరు దాకా మోసుకెళ్ళడం. అంతే. దారిలో వైరు కాస్త అడ్డు తగులుతుంది. దాన్నే 'రెసిస్టెన్స్' అంటారు, ఓముల్లో కొలుస్తారు. నీళ్ళ పైపుతో పోల్చుకోండి. పైపు సన్నగా ఉన్నకొద్దీ, పొడుగు పెరిగినకొద్దీ నీళ్ళు తగ్గుతాయి. వైరు కూడా అంతే. లావు, పొడుగు ఈ రెండే ముఖ్యం. పైపు మీద వెల్వెట్ తొడిగితే నీళ్ళ రుచి మారుతుందా?

ఊళ్ళో పెళ్ళికి మైకు సెట్టు కట్టేవాణ్ణి చూశారా? కొబ్బరిచెట్టుకు ఒక హారను, దూరంగా గుడి దగ్గర ఇంకొకటి. మధ్యలో సన్నటి వైరు వందల మీటర్లు లాగుతాడు. అయినా పాట ఊరంతా మోగుతుంది. అతగాడి కిటుకు వైరులో లేదు. అలాంటి యాంప్లిఫయర్లకు '100 వోల్టుల లైను' అని ఒకటుంటుంది. వోల్టేజి పెంచి పంపితే వైరులో కరెంటు తగ్గుతుంది, కరెంటు తగ్గితే దారిలో నష్టమూ తగ్గుతుంది. హారను దగ్గర చిన్న ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని మళ్ళీ దించుతుంది. విద్యుత్తు శాఖవారు హైటెన్షన్ లైన్లు వేసేదీ ఇందుకే. అంటే, దూరం సమస్య అయినప్పుడు కూడా వైరుకు బంగారు పూత పూయలేదు, లెక్క వేశారు!

మనింట్లో 100 వోల్టుల లైను ఉండదు. అక్కర్లేదు కూడా. దూరం మూడు నాలుగు మీటర్లే కదా. ఇంటి స్పీకరు సాధారణంగా 8 ఓములది. వైరు రాకపోకల అడ్డు అందులో 5 శాతం, అంటే 0.4 ఓము దాటకుండా చూసుకోమని పెద్దల సలహా. ఆ హద్దు దగ్గర కూడా ధ్వనిలో తగ్గేది అర డెసిబెల్‌కు లోపే. రాగి తీగ లెక్క చెబుతాను, కాగితం మీద రాసుకోండి. 0.75 చదరపు మిల్లీమీటర్ల వైరయితే సుమారు 8.5 మీటర్ల దాకా పరవాలేదు. 1.5 అయితే సుమారు 17 మీటర్లు. 2.5 అయితే సుమారు 29 మీటర్లు. స్పీకరు 4 ఓములదైతే ఈ దూరాలు సగం చేసుకోండి.

ఇప్పుడు చెప్పండి, అమీర్‌పేటలో ఏ అద్దె గది 29 మీటర్ల పొడుగుంటుంది?

బంగారం, వెండి, బాణం గుర్తు

షోరూములో చెప్పే మాటలు ఒక్కొక్కటే చూద్దాం.

వెండి తీగ సంగతి మొదట. రాగికన్నా వెండి కరెంటును బాగా మోస్తుంది. నిజమే! కానీ ఎంత బాగా? సుమారు 6 శాతం. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు అయిదు మీటర్ల అడ్డు, రాకపోకలు కలిపి, 0.07 ఓము. అదే వెండి అయితే 0.065. ఈ తేడాకు వెండి ఎందుకు? రాగి వైరునే కాసింత లావుది కొంటే చాలు.

బంగారు పూత మరీ విచిత్రం. కరెంటు మోయడంలో బంగారం రాగికన్నా వెనకబడే ఉంటుంది! మరి పూత దేనికంటే, బంగారం చిలుం పట్టదు. ప్లగ్గు కొస ఏళ్ళ తరబడి శుభ్రంగా ఉంటుంది. అది మంచి గుణమే, కాదనను. కానీ అది తుప్పుకు మందు, పాటకు మందు కాదు.

'ఆక్సిజన్ లేని రాగి' అని ఇంకో మాట వినిపిస్తుంది. మన ఇళ్ళ గోడల్లో వేసే వైర్లకు వాడే మంచి రాగే 99.9 శాతం స్వచ్ఛం. ఆక్సిజన్ తీసేసినది ఇంకొంచెం స్వచ్ఛం. కరెంటు మోయడంలో రెంటికీ తేడా ఒక శాతం అటూఇటూ. ఆ తేడాను వినగల చెవి మనుషులకు ఇవ్వలేదు దేవుడు.

కేబుల్ మీద బాణం గుర్తు వేసి, "ఇటు నుంచి అటే కట్టాలి" అంటారు కొందరు. పాట కరెంటు ఒకవైపే పోదండీ. తబలాలో ఎడమ దరువు 100 హెర్ట్‌జ్ అనుకుంటే, ఆ కరెంటు సెకనుకు వందసార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఊగేదానికి దిక్కేమిటి? మీరు చూసుకోవలసింది ఒక్కటే. రెండు స్పీకర్లకూ ఎరుపు ఎరుపుకే, నలుపు నలుపుకే తగిలించారా అన్నది. ఒకటి తిరగబడితే బేసు చచ్చిపోతుంది, గాయకుడి గొంతు మధ్యలో నిలవక చెల్లాచెదురవుతుంది. ఇదొక్కటి సరిచేస్తే వచ్చే మార్పు ఏ కేబుల్ వల్లా రాదు, పైగా ఖర్చు సున్నా!

"కేబుల్ వంద గంటలు మోగాక కుదురుకుంటుంది సార్" అన్న మాట కూడా ఉంది. కుదురుకునేది రాగి కాదు, మన చెవి. కొత్త చెప్పులు మనకు అలవాటైనట్టు, కొత్త శబ్దం కూడా అలవాటైపోతుంది. అప్పటికి వాపసు గడువు కూడా దాటిపోతుంది!

అసలు మోసం చవక వైరులో

"అయితే ఏ వైరైనా ఒకటేనా?" అంటే, కాదు. ఇక్కడే మీరు జాగ్రత్త పడాలి. ఖరీదైన వైరు మీ జేబుకు చిల్లు పెడుతుంది కానీ పాటను చెడగొట్టదు. మరీ చవక వైరు పాటనే చెడగొడుతుంది.

బజారులో రాగి రంగులో మెరిసే వైర్లన్నీ రాగివి కావు. లోపల అల్యూమినియం, పైన రాగి పూత ఉన్నవి చాలా తిరుగుతున్నాయి. వీటిని 'సీసీఏ' అంటారు. అల్యూమినియం కరెంటు మోసేది రాగిలో 60 శాతం ప్రాంతంలోనే. కాబట్టి ఈ వైరు కొంటే రాగి వైరుకన్నా సుమారు ఒకటిన్నర రెట్లు లావుది కొనాలి. పైగా ఊరికే విరుగుతుంది, స్క్రూ కింద నలిగి వదులవుతుంది. హోం థియేటర్ డబ్బాలో ఉచితంగా వచ్చే దారంలాంటి వైర్లను కూడా ఓ కంట కనిపెట్టండి.

కనిపెట్టడం ఎలా? చేతిలో పట్టుకుంటే రాగి బరువుగా ఉంటుంది, సీసీఏ తేలిగ్గా ఉంటుంది. కొస కత్తిరించి, ఒక పోగును బ్లేడుతో గీకండి. లోపలా ఎర్రగా ఉంటే రాగి. తెల్లగా బయటపడితే దాని రంగు బయటపడినట్టే!

కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్ళి ఈ మాటే అడిగాను. అక్కడ మైకు సెట్లు, యాంప్లిఫయర్ బోర్డులు, స్పీకరు కోన్లు కుప్పలుగా ఉంటాయి. ఏళ్ళ తరబడి ఫంక్షన్ హాళ్ళకు సౌండ్ బిగిస్తున్న ఒక పెద్దాయన వైరు చుట్ట ముందు కూర్చుని ఉన్నాడు. "అసలు రాగి తీసుకో, లావు సరిపోను తీసుకో, స్క్రూ గట్టిగ బిగించు. ఇంక ఏం ఫరక్ పడదు బిడ్డా" అన్నాడు. సైన్సు పుస్తకం అంతా మూడు ముక్కల్లో!

పాట మీ దాకా వచ్చిన దారి

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. మనం వినే పాట ఎక్కణ్ణించి వచ్చింది?

ఎనభైలలో ఇళయరాజా పాట మద్రాసు ప్రసాద్ స్టూడియోలో రికార్డయిందనుకుందాం. వయొలిన్ల ముందు మైకులు, మైకుల నుంచి మిక్సర్ దాకా కేబుళ్ళు, మిక్సర్ లోపల వైర్లు, అక్కణ్ణించి టేపు రికార్డరుకు కేబుళ్ళు. అన్నీ రాగే. పాట పుట్టిన క్షణం నుంచి రాగి మీదే ప్రయాణం చేసింది. అన్ని మీటర్ల రాగి దాటి వచ్చిన పాటను ఆఖరి మూడు మీటర్లలో ఏ కేబుల్ ఉద్ధరిస్తుంది? దారిలో పోయింది తిరిగి తేలేదు, లేనిది చేర్చలేదు. చేరిస్తే అది వైరు కాదు, ఇంకో వాయిద్యం!

సరే, పాట స్పీకరులోకి వెళ్ళాక ఏమవుతుంది? కోను వెనకాల 'వాయిస్ కాయిల్' అని సన్నటి తీగ చుట్ట ఉంటుంది. 8 ఓముల స్పీకరులో ఆ చుట్టదే సుమారు 6 ఓముల అడ్డు. మీ 18 వేల కేబుల్ వేలెడు లావున వచ్చి, చివరికి కుట్టు దారమంత తీగలోకి దూరాలి. ఆరు వరసల రోడ్డు వేసి, దాని కొసన సందు పెట్టినట్టు!

సినిమా హాలు సంగతి చూడండి. అమీర్‌పేటలో సత్యం థియేటర్ తెలియని సినిమా పక్షి లేడు. దాన్ని పడగొట్టిన చోట 2023 జూన్‌లో 'ఏఏఏ సినిమాస్' తెరుచుకుంది. అక్కడికి దగ్గర్లోనే సారథి స్టూడియోస్. 1959లో వచ్చిన 'మా ఇంటి మహాలక్ష్మి' అక్కడే తీశారు. పూర్తిగా హైదరాబాదులోనే తయారైన తొలి తెలుగు చిత్రం అది. కృష్ణ గారు 1986లో 'సింహాసనం'తో తెలుగుకు 70 ఎం.ఎం., ఆరు ట్రాకుల స్టీరియో శబ్దం తెచ్చినప్పుడు కత్తుల ఖణేల్‌ హాలంతా తిరిగితే జనం తలలు తిప్పి చూశారు. ఆ హాళ్ళలోనైనా, ఇవాళ్టి డాల్బీ అట్మాస్ హాళ్ళలోనైనా యాంప్లిఫయర్ల నుంచి తెర వెనకాల స్పీకర్ల దాకా పదుల మీటర్లు పోయేది లావుపాటి మామూలు రాగి వైరే. మరి మీరు ఈల వేసింది స్పీకర్లు, హాలు కట్టిన తీరు, సౌండ్ ఇంజనీరు పనితనం చూసి. వైరును చూసి ఈల వేసినవాడు ఇంతవరకూ లేడు.

పరదా వెనక పరీక్ష

"ఇదంతా లెక్క మావయ్యా. నేను నా చెవులతో విన్నాను కదా!" అన్నాడు మావాడు. న్యాయమైన మాట. చెవితో వచ్చిన నమ్మకం చెవితోనే తేలాలి.

పంజాగుట్ట ద్వారకాపురి కాలనీలో నాకో మిత్రుడున్నాడు. బ్యాంకు ఉద్యోగి, పాటల పిచ్చోడు. పాతికవేలు పెట్టి కేబుల్ కొన్నాడు. "గురూ, నీ కేబుల్‌కి పరీక్ష పెడదాం" అంటే నవ్వుతూ ఒప్పుకున్నాడు. వచ్చేటప్పుడు నేను 2.5 చదరపు మిల్లీమీటర్ల మామూలు రాగి వైరు పది మీటర్లు పట్టుకెళ్ళాను.

పద్ధతి చెబుతాను, మీరూ చేసి చూడండి. యాంప్లిఫయరు, స్పీకర్ల వెనక భాగం కనపడకుండా దుప్పటి కట్టాం. వైరు మార్చే పని మిత్రుడి భార్యకు అప్పజెప్పాం. ఆవిడ ప్రతిసారీ నాణెం ఎగరేసి, బొమ్మ పడితే ఖరీదు వైరు, బొరుసు పడితే మామూలు వైరు తగిలించాలి. ఒకే వైరు వరసగా మూడుసార్లు వచ్చినా సరే, విప్పి మళ్ళీ బిగించాలి, చప్పుడు ఒకేలా ఉండాలి కదా! కాగితం మీద రాసుకోవాలి, మాతో మాట్లాడకూడదు, మొహం చూపించకూడదు. మారుస్తున్నంతసేపూ యాంప్లిఫయరు ఆపి ఉంచాలి, లేకపోతే వైర్లు తగులుకుని అది కాలిపోతుంది. వాల్యూమ్ మీట మాత్రం ఎవరూ ముట్టకూడదు. ఇది చాలా ముఖ్యం. ఒకే పాటను ఇసుమంత గట్టిగా పెడితే మన చెవికి "బాగుంది" అనే అనిపిస్తుంది తప్ప "గట్టిగా ఉంది" అనిపించదు. మనిషి చెవి గుణమే అంత.

ముందు దుప్పటి లేకుండా, ఏది ఏదో తెలిసేలా విన్నాం. మిత్రుడూ మావాడూ ఇద్దరూ "అబ్బే, తేడా స్పష్టంగా ఉంది" అన్నారు. తరవాత దుప్పటి వేశాం. 'సాగర సంగమం' పాటలు పెట్టాం. మొదటి రెండుసార్లు ఇద్దరూ ధీమాగా చెప్పారు. మూడోసారి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆరోసారి నుంచి మావాడు "ఇది... ఆ... మామూలుదేమో" అని నసగడం మొదలెట్టాడు. పన్నెండుసార్లు అయ్యాక ఆవిడ కాగితం విప్పింది. ఇద్దరి జవాబులూ నాణెం వేసి చెప్పినట్టే ఉన్నాయి, కొన్ని తప్పు, కొన్ని ఒప్పు.

మిత్రుడు కాసేపు మౌనంగా ఉండి, "నేను అబద్ధం చెప్పలేదు గురూ. నాకు నిజంగానే తేడా వినిపించేది" అన్నాడు. నిజమే. ఆయన అబద్ధమాడలేదు. ఖరీదు తెలిసిన చెవి వేరు, తెలియని చెవి వేరు. అభిమాన హీరో తెర మీదికి రాగానే మామూలు డైలాగు కూడా గొప్పగా వినపడదూ? ఇదీ అంతే. పన్నెండుసార్లు విన్నంత మాత్రాన ప్రపంచానికి తీర్పు చెప్పేశామని కాదు. కానీ మీ సొంత డబ్బు సంగతి తేల్చుకోవడానికి ఒక సాయంత్రం, ఒక దుప్పటి, ఒక నాణెం చాలు.

మరి డబ్బు దేనిమీద?

అన్నిటికన్నా ముందు స్పీకర్ల మీద. రెండు స్పీకర్ల మధ్య తేడా చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది. బడ్జెట్‌లో సింహభాగం వాటికే ఇవ్వండి. మీకు బాగా తెలిసిన పాట ఫోనులో తీసుకెళ్ళి, అన్నిటినీ ఒకే వాల్యూమ్‌లో వినిపించమనండి. పక్కగదిలో పడుకున్నవాడు గుర్తుపట్టగలిగే తేడాకు డబ్బు పెట్టండి.

రెండోది గది. మన అద్దె గదుల్లో కింద టైల్సు, చుట్టూ ఖాళీ గోడలు. చప్పట్లు కొడితే "టణ్" మంటుంది. పాట కూడా అలాగే గోడలకు కొట్టుకుని మీ చెవికి రెండోసారి చేరుతుంది, మాటలు కలగాపులగం అవుతాయి. కింద తివాచీ, కిటికీకి మందపాటి పరదా, గోడకు పుస్తకాల అల్మారా పెట్టి చూడండి. అమ్మ కుట్టిన బొంత ఉన్నా సరే, గోడకు వేలాడదీయండి. వెల్వెట్ పెట్టెలోని కేబుల్ చెయ్యలేని పని బొంత చేస్తుంది!

మూడోది, స్పీకర్లు పెట్టే చోటు. మూలకు తోస్తే బేసు గుంయ్ మంటుంది. గోడ నుంచి కాస్త ముందుకు జరపండి. రెండు స్పీకర్లూ మీరూ కలిసి సమాన భుజాల త్రిభుజంలా కూర్చోండి. పైన ఉండే చిన్న స్పీకరు, దాన్ని ట్వీటర్ అంటారు, మీ చెవి ఎత్తుకు రావాలి. అవసరమైతే కింద రెండు ఇటుకలు పెట్టండి. గాయకుడు సరిగ్గా గది మధ్యలో నిలబడి పాడుతున్నట్టు అనిపిస్తే, మీ త్రిభుజం కుదిరినట్టే.

సౌండ్‌బార్ కొనేవాళ్ళకు కూడా ఒక్క మాట. టీవీకి తగిలించే హెచ్‌డీఎంఐ కేబుల్‌లో పోయేది అంకెలు. అంకెలు చేరితే పూర్తిగా చేరతాయి, చేరకపోతే బొమ్మ మెరుస్తుంది, శబ్దం తెగుతుంది. మీ టీవీకి కావలసిన వేగం తట్టుకునేదని అట్ట మీద రాసి ఉంటే చాలు. బంగారం చూసి బేరం పెంచనక్కర్లేదు.

ఇక మావాడి సంగతి. 24 వేల స్పీకర్లనే తగ్గించకుండా కొన్నాడు, యాంప్లిఫయరూ కొన్నాడు. మిగిలిన డబ్బులో గట్టి రాగి వైరు వచ్చింది. సేల్స్‌మన్ ఏమీ నొచ్చుకోలేదు. "మంచి వైరే తీసుకున్నారన్నా" అని తనే కొసలు గీకి బిగించి చూపించాడు. ఆయన పని అమ్మడం, మన పని ఆలోచించడం. ఇద్దరికీ పని ఉంది!

ఖరీదైన కేబుల్ కొనేవాళ్ళను వెక్కిరించడం నా ఉద్దేశం కాదు. డబ్బుండి, ఆ నిగనిగ చూసి మురిసిపోదామనుకుంటే నిక్షేపంగా కొనుక్కోండి. పెళ్ళి పట్టుచీర కూడా చలి ఆపడానికి కాదు కదా కొనేది! కానీ మొదటి జీతంతో, కూడబెట్టిన నాలుగు రూపాయలతో పాట కొనుక్కుందామని వచ్చే కుర్రాడికి మాత్రం, వైరు చూపించి స్పీకరు తగ్గించుకోమనే సలహా మంచి సలహా కాదు.

మీరు స్టీరియో కొనబోతున్నారా? అయితే ఈ వారమే దుప్పటి, నాణెం సిద్ధం చేసుకోండి. వినేది మీరు, డబ్బు మీది. తీర్పు కూడా మీ చెవులదే కానివ్వండి. ఏమంటారు?